తలనొప్పికి గోలీలా, సూదులా? ముందు క్యాలెండర్ చూడండి

మా వైపు సూది అంటే ఇంజెక్షనే. "జరమొచ్చి సూదేయించుకున్న" అంటారు. అందుకే హన్మకొండలో మా మెడికల్ షాపు కౌంటర్ దగ్గర ఆక్యుపంక్చర్ మాట వచ్చినప్పుడల్లా ఎదుటి మనిషి మొదట అడిగేది ఒకటే: "అండ్ల ఏం మందు ఎక్కిస్తరక్కా?" ఏ మందూ ఎక్కించరు. ఒట్టి సూది. పావు మిల్లీమీటరు మందం ఉంటుంది, లోపల బోలు ఉండదు. గుచ్చి, ఇరవై నిమిషాలో అరగంటో ఉంచి, తీసేస్తారు.

"గంతేనా?" అని కొందరు నవ్వి, డోలో షీటు పట్టుకుని పోతారు. కొందరు మాత్రం అక్కడే నిలబడతారు. నెలలో సగం రోజులు తల పట్టుకుని తిరిగేవాళ్లు, ఏ గోలీ వేసినా రెండో రోజుకు మళ్లీ మొదలయ్యేవాళ్లు. "నిజంగ తగ్గుతదా?" అని అడుగుతారు. గిరాకీ మధ్యలో రెండు ముక్కల్లో చెప్పలేక ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

నా సంగతి ముందే చెప్పేస్తాను. నాకు ఇంటర్ చదివేటప్పటి నుంచి మైగ్రేన్. బీఫార్మసీ చదివి, పదహారేళ్లుగా మందుల మధ్యే కూర్చుంటున్నా, నా తలనొప్పిని నేనే చాలాకాలం తప్పుగా చూసుకున్నాను. గోలీలు మింగాను, డాక్టర్ రాసిన నివారణ మందులు వాడాను, ఆక్యుపంక్చర్ రెండు విడతలు చేయించుకున్నాను. మందులమ్మే మనిషి సూదుల గురించి చెబితే నమ్మొచ్చా అని మీకు అనిపించవచ్చు. సూదుల వల్ల నా గల్లాపెట్టెకు నష్టమే తప్ప లాభం లేదు.

ఈ పోలికలోకి రాని తలనొప్పులు

ఇక్కడ చెప్పేదంతా ఏళ్ల తరబడి వచ్చిపోయే పాత తలనొప్పి గురించి. పిడుగు పడ్డట్టు నిమిషంలోపే తారస్థాయికి చేరిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, మాట ముద్దగా రావడం, కాలో చెయ్యో పడిపోవడం, తలకు దెబ్బ తగిలాక మొదలైన నొప్పి ఇవన్నీ వేరు. వాటికి 108కి ఫోన్ చేయాలి, లేదా నేరుగా వరంగల్ ఎంజీఎం లాంటి పెద్ద దవాఖాన క్యాజువాలిటీకి పోవాలి. యాభై దాటాక కొత్తగా మొదలైన తలనొప్పిని కూడా డాక్టర్‌కు చూపించకుండా సూదుల దగ్గరికి పోవద్దు. బాలింతల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. కాన్పైన కొత్తలో తల నొస్తుందంటే "గాలి సోకింది" అని చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టి కూర్చోబెట్టే ఇళ్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి. మెదడులోని సిరల్లో రక్తం గడ్డకట్టే జబ్బు బాలింతలకు వచ్చే అవకాశం ఎక్కువ, అదీ తలనొప్పితోనే మొదలవుతుంది. ఆరోజే దవాఖానకు తీసుకుపోవాలి.

చుక్కలు, సున్నాలు

మీ గోడ మీద కిరాణా కొట్టువాళ్లు ఇచ్చిన తెలుగు క్యాలెండర్ ఉంటుంది కదా. తిథి, వర్జ్యం, రాహుకాలం పోగా గడిలో కాస్త జాగా మిగులుతుంది. తల నొప్పి ఉన్న రోజు అక్కడ ఎర్ర పెన్నుతో చుక్క పెట్టండి. ఆరోజు నొప్పి గోలీ వేసుకుంటే ఆ చుక్క చుట్టూ సున్నా చుట్టండి. నెలసరి, ఉపవాసం, నిద్రలేని రాత్రి, నడి ఎండలో ప్రయాణం ఉంటే ఒక్క అక్షరం రాసుకోండి. ఒక నెల చాలు. ఏ స్కానింగ్ కన్నా ముందు మీకు కావాల్సింది ఈ కాగితం.

మూడు నెలలకు మించి, నెలకు 15 రోజులో అంతకన్నా ఎక్కువో తల నొస్తుంటే దాన్ని దీర్ఘకాలిక తలనొప్పి అంటారు. అది చుక్కల లెక్క. సున్నాల లెక్క ఇంకా ముఖ్యం. పారాసెటమాల్, ఇబుప్రొఫెన్ లాంటి మామూలు గోలీలు నెలకు 15 రోజులు, లేదా కెఫీన్ కలిసినవి, ఎర్గోటమిన్ కలిసినవి, సుమాట్రిప్టాన్ లాంటి మైగ్రేన్ గోలీలు నెలకు 10 రోజులు, మూడు నెలలకు మించి వాడుతుంటే ఆ గోలీలే తలనొప్పి తెచ్చిపెట్టడం మొదలుపెడతాయి. ఎన్ని గోలీలు వేసుకుంటారన్నది కాదు, ఎన్ని రోజులు వేసుకుంటారన్నదే లెక్క.

మా షాపుకు మడికొండ వైపు నుంచి ఒకావిడ వచ్చేది. "అక్కా, తలకాయ పలిగిపోతాంది, రెండు గోలీలియ్యి" అని పొద్దున్నే వచ్చి, కెఫీన్ కలిసిన గోలీ ఒకటి అక్కడే చాయ్‌తో మింగేది. ఆమెకూ క్యాలెండర్ పెట్టించాను. నెల తర్వాత కాగితం తెచ్చి కౌంటర్ మీద పరిచింది. ఇరవై ఆరు చుక్కలు, ఇరవై ఆరింటికీ సున్నాలు. "సూదులేయించుకోనా?" అని అడిగింది. వద్దు, ముందు డాక్టర్ దగ్గరికి పొమ్మన్నాను. ఆయన చేయించిన పని ఆ గోలీ మాన్పించడం, దానితోపాటు ఒక నివారణ మందు మొదలుపెట్టడం. మొదటి వారం నరకం చూశానని చెప్పింది. గోలీ మానగానే కొన్నాళ్లు నొప్పి పెరగడం మామూలే. మూడో నెల కాగితంలో తొమ్మిది చుక్కలున్నాయి. ఆవిడ అప్పుడే సూదులకు పోయి ఉంటే, గోలీలు మింగుతూనే పది సిట్టింగ్‌లు పూర్తిచేసి, "సూదులు దండుగ" అని పది మందికి చెప్పేది.

కాబట్టి మీ కాగితంలో సున్నాలు హద్దు దాటితే, ఈ వ్యాసంలో మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

ఏ తలనొప్పో తెలియకుండా ఎంచుకోలేం

మైగ్రేన్‌ను మా వైపు ఒంటిపక్క నొప్పి అంటారు. తరచూ ఒకవైపే, నరం కొట్టుకున్నట్టు వస్తుంది. కడుపులో తిప్పుతుంది, వెలుతురు, చప్పుడు పడవు, మెట్లెక్కితే ఎక్కువవుతుంది. మందు వేయకపోతే 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉండొచ్చు. టెన్షన్ తలనొప్పి వేరు. తువ్వాలను నీళ్లలో ముంచి తల చుట్టూ బిగించినట్టు, రెండువైపులా. వాంతులు ఉండవు, పని చేసుకోగలుగుతారు, కానీ రోజంతా వదలదు. పేరు చూసి మనసులో టెన్షన్ ఉన్నవాళ్లకే అనుకోవద్దు. కోరుట్ల, మెట్‌పల్లి వైపు చాట ఒళ్లో పెట్టుకుని, మెడ వంచి రోజంతా బీడీలు చుట్టే ఆడవాళ్ల తలనొప్పిలో ఎక్కువ భాగం మెడ, భుజాల కండరాల నుంచి వచ్చేదే. సిరిసిల్ల మరమగ్గాల దగ్గర నిలబడేవాళ్లదీ, హన్మకొండలో ల్యాప్‌టాప్ మీద వాలిపోయే పిల్లలదీ అదే కథ.

రెండూ కలిసి ఉన్నవాళ్లూ చాలామందే. నేను అందులో ఒకదాన్ని. ఇక కళ్లజోడు పవర్ మారిందా, బీపీ ఎంతుంది అనేవి ఒక్క పూటలో తేలిపోయే విషయాలు, చూపించేసుకోండి.

నివారణ గోలీలు

నొప్పి వచ్చాక వేసుకునే గోలీ వేరు, నొప్పి రాకుండా రోజూ వేసుకునే గోలీ వేరు. ఈ తేడా చెప్పడానికే నాకు రోజుకు ఐదు నిమిషాలు పోతాయి. నివారణ మందులుగా డాక్టర్లు ఎక్కువగా రాసేవి ప్రొప్రనలాల్, అమిట్రిప్టిలిన్, ఫ్లునారిజిన్, టోపిరమేట్. మొదటి రెండూ రోజుకు కొద్ది రూపాయల్లో అయిపోతాయి. ఆరు నుంచి ఎనిమిది వారాలు వాడితే గానీ పనిచేస్తున్నాయో లేదో తెలియదు. మా దగ్గర చాలామంది పదో రోజున "ఏం తగ్గలే" అని ఆపేసేది ఇక్కడే.

ఎవరికి ఏది పడదో తెలుసుకోవాలి. ఆస్తమా ఉన్నవాళ్లకు ప్రొప్రనలాల్ వద్దు. బీడీ పొగాకు దుమ్ములోనో, ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి ఘాటులోనో పనిచేస్తూ ఆయాసపడేవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి. ఆయన తలనొప్పి గురించి అడుగుతాడు, మీరు తలనొప్పి గురించే చెబుతారు, ఆయాసం మాట మరుగున పడిపోతుంది. అమిట్రిప్టిలిన్‌తో నోరు ఎండుతుంది, పొద్దున మత్తుగా ఉంటుంది. నిద్ర పట్టనివాళ్లకు అదే వరం. టెన్షన్ తలనొప్పికి కూడా ఎక్కువగా రాసేది ఇదే. ఫ్లునారిజిన్‌తో ఒళ్లు రావచ్చు, మనసు దిగులుగా ఉండొచ్చు, పెద్ద వయసువాళ్లలో చేతుల వణుకు రావచ్చు. టోపిరమేట్‌తో వేళ్లలో తిమ్మిర్లు, బరువు తగ్గడం. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లకు టోపిరమేట్, ఇదే పనికి కొన్నిసార్లు రాసే వాల్‌ప్రోయేట్ రెండూ ప్రమాదం.

నాకు ఆస్తమా ఉంది, కాబట్టి ప్రొప్రనలాల్ లేదు. అమిట్రిప్టిలిన్ వాడాను. తలనొప్పి తగ్గింది, కానీ పొద్దున పదింటికి కౌంటర్‌లో నిలబడి ఒక్కో చిట్టీ రెండుసార్లు చదవాల్సి వచ్చేది. మందులిచ్చే మనిషికి ఆ మత్తు మంచిది కాదు. భూపాలపల్లి, గోదావరిఖని గనుల్లో యంత్రం మీద పనిచేసే సింగరేణి కార్మికుడికైతే ఇంకా కాదు. సూదుల వైపు నేను పోయిన కారణం అదే. ఏ గొప్ప నమ్మకమూ కాదు.

సూదులు

బల్ల మీద పడుకోబెట్టారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ ఉబ్బేచోట స్పిరిట్ దూదితో తుడిచి, సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో ఉన్న సూదిని పైనుంచి వేలితో టక్కున తట్టారు. చీమ కుట్టినంత. అసలు సంగతి ఆ తర్వాత. సూదిని కాస్త తిప్పగానే చెయ్యంతా బరువెక్కి, లోపల ఎవరో మెల్లగా లాగుతున్నట్టు అయింది. నొప్పి అనలేం, హాయి అనలేం. పాదం మీద బొటనవేలి పక్కన ఒకటి, కణతల దగ్గర రెండు. ఇంకో రోజు బోర్లా పడుకోబెట్టి మెడ వెనక, పుర్రె అంచు కింద చేతికి తగిలే రెండు గుంటల్లో వేశారు. లైటు తీసేసి, ఫోన్ పక్కన పెట్టమన్నారు. పగటిపూట పాతిక నిమిషాలు ఎవరూ పిలవకుండా, ఫోన్ చూడకుండా పడుకోవడం షాపు పెట్టాక నాకదే మొదటిసారి. నాకు తగ్గిన తలనొప్పిలో సూది వాటా ఎంత, ఆ పాతిక నిమిషాల వాటా ఎంత అన్నది ఇప్పటికీ తేల్చలేను.

ఈ అనుమానం నా ఒక్కదానిది కాదు. ఆక్యుపంక్చర్ మీద జరిగిన పరీక్షలన్నీ దీని చుట్టూనే తిరిగాయి. 2016లో, వైద్య పరీక్షల ఫలితాలను కలిపి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ మైగ్రేన్ మీద 22 పరీక్షలను, దాదాపు 5,000 మంది రోగుల వివరాలను కలిపి చూసింది. మామూలు వైద్యంతో ఉన్న 100 మందిలో 17 మందికి తలనొప్పులు సగానికి తగ్గితే, సూదులు వేయించుకున్నవాళ్లలో 41 మందికి తగ్గాయి. బాగుంది కదా. ఇంకో రకం పరీక్షల్లో, కొందరికి అసలు చోట్ల సూదులు వేశారు, ఇంకొందరికి ఉత్తుత్తిగా, పైపైన, సంబంధం లేని చోట్ల వేశారు. అసలు సూదులతో 100కి 50 మందికి తగ్గితే, ఉత్తుత్తి సూదులతోనూ 41 మందికి తగ్గాయి. జర్మనీలో 302 మందితో చేసి 2005లో ప్రచురించిన పరీక్ష ఇంకా తమాషా. అసలు సూదులకు 51 శాతం, ఉత్తుత్తివాటికి 53 శాతం, ఏదీ లేకుండా ఎదురుచూసినవాళ్లకు 15 శాతం.

టెన్షన్ తలనొప్పి మీద 2016లోనే వచ్చిన కొక్రేన్ సమీక్షలో కూడా ఇదే రకం చిత్రం. అసలు సూదులతో సగం మందికి, ఉత్తుత్తి సూదులతో 43 శాతం మందికి తలనొప్పి రోజులు సగానికి తగ్గాయి.

దీన్ని రెండు విధాలుగా చదువుతారు. "చూశారా, అంతా భ్రమ" అనేవాళ్లు ఒకవైపు. "చూశారా, పనిచేస్తుంది" అనేవాళ్లు ఇంకోవైపు. నేను చదివేది ఇలా: మీరు సూదులకు పోతే తగ్గే అవకాశం, ఏమీ చేయకుండా ఉన్నదానికన్నా చాలా ఎక్కువ. కానీ ఏ చోట గుచ్చారన్నదాని మహిమ అందులో చిన్న వాటానే. "మా గురువుగారు చెప్పిన రహస్య బిందువులు మా దగ్గర మాత్రమే ఉన్నాయి" అనే మనిషికి ఎక్కువ డబ్బు ఇవ్వాల్సిన అవసరం లేదు. శుభ్రంగా, ఓపిగ్గా, మీ ఇంటికి దగ్గరలో చేసేవాళ్లు ఉంటే చాలు.

గోలీలతో పోల్చి చూస్తే? కొక్రేన్ లెక్కలోనే మైగ్రేన్ నివారణ మందులతో మూడు నెలల దగ్గర 100కి 46 మందికి సగానికి తగ్గితే, సూదులతో 57 మందికి తగ్గింది. ఆరు నెలలకు ఆ తేడా దాదాపు చెరిగిపోయింది. అంటే సూదులు గోలీల కన్నా గొప్పవి అనలేం, తీసిపోవు అనొచ్చు. దుష్ఫలితాల వల్ల మధ్యలో మానేసినవాళ్లు మాత్రం సూదుల వైపు తక్కువ. బ్రిటన్‌లో నైస్ అనే ప్రభుత్వ సంస్థ 2012 మార్గదర్శకాల్లో టెన్షన్ తలనొప్పి నివారణకు 5 నుంచి 8 వారాల్లో 10 సిట్టింగ్‌ల దాకా చూడమంది. మైగ్రేన్‌కు మాత్రం ముందు టోపిరమేట్, ప్రొప్రనలాల్ చూసి, అవి పనిచేయకపోతేనో పడకపోతేనో సూదులు అంది. నాకు ఈ వరస న్యాయంగానే అనిపిస్తుంది.

ఎలా పనిచేస్తుందన్నదానికి చైనా శాస్త్రం "చీ" అనే శక్తి, అది పారే నాడీమార్గాలు అని చెబుతుంది. అలాంటి మార్గాలు శరీరాన్ని కోసి చూసినవాళ్లెవరికీ కనిపించలేదు. సూది గుచ్చినప్పుడు నరాలు స్పందించడం, మెదడు తన సొంత నొప్పి మందులైన ఎండార్ఫిన్లను వదలడం మాత్రం పరిశోధనల్లో తేలిన విషయమే. మన దేశానికి ఈ విద్య వచ్చిన దారి గమ్మత్తైంది. 1938లో చైనాకు వెళ్లిన భారత వైద్య బృందంలో డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్ అక్కడే 1942లో చనిపోయాడు. అదే బృందంలోని బెంగాలీ డాక్టర్ బిజయ్ కుమార్ బసు తర్వాత మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని, కలకత్తాలో మొదలుపెట్టాడు.

నా సంగతికొస్తే, నెలకు పదకొండు చుక్కలతో మొదలుపెట్టాను. ఎనిమిది వారాల్లో పది సిట్టింగ్‌లు అయ్యేసరికి ఏడుకు వచ్చాయి. నాలుగైదు నెలలు అలాగే నడిచి, మెల్లగా మళ్లీ తొమ్మిదికి చేరాయి. ఇంకో విడత వేయించుకున్నాను. పూర్తిగా పోలేదు, పోతుందని నాకెవరూ చెప్పలేదు కూడా. మొదటి మూడు సిట్టింగ్‌ల దాకా ఏ తేడా కనిపించలేదని కూడా చెప్పాలి. మైగ్రేన్ మొదలయ్యాక అప్పటికప్పుడు పరుగెత్తి వేయించుకుందామని ఒకసారి పోయాను. ఆ వాంతులతో ఆటోలో పోవడం, అక్కడ ట్యూబ్‌లైటు కింద కూర్చోవడం... మళ్లీ ఆ పని చేయలేదు. ఇది వారాల మీద చేసే నివారణే.

ఖర్చు, దూరం, కూలి

ధరలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి మీరే లెక్క వేసుకోండి. సిట్టింగ్‌కు 400 అనుకుందాం. పదింటికి 4,000. అదే డబ్బుతో అమిట్రిప్టిలిన్ ఏళ్ల తరబడి వస్తుంది. కానీ అసలు ఖర్చు అది కాదు. నర్సంపేట నుంచో పరకాల నుంచో హన్మకొండకు వారానికి రెండుసార్లు రావాలంటే ఆ పూట పోయినట్టే. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు గనక ప్రయాణ ఖర్చు తప్పింది, పోయిన కూలి మాత్రం ఎవరూ ఇవ్వరు. పత్తి ఏరే రోజుల్లో, నాట్ల రోజుల్లో మొదలుపెట్టి నాలుగో సిట్టింగ్‌కు మానేసేవాళ్లను చూశాను. పని లేని నెలల్లో మొదలుపెట్టండి. వారం వారం షిఫ్టు మారే గని కార్మికులకు కూడా ఒకే వేళకు పోవడం కుదరదు. వాళ్లకు గోలీయే వీలు, మత్తు లేనిది అడిగి రాయించుకోవాలి.

మిగతా దారులు, గబగబా

మెడ నుంచి వచ్చే తలనొప్పికి ఫిజియోథెరపీ నా ఓటు. రెండు మూడుసార్లు పోయి వ్యాయామాలు నేర్చుకుంటే తర్వాత ఇంట్లోనే చేసుకోవచ్చు, ఇక ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు. యోగా మీద మన ఢిల్లీ ఎయిమ్స్‌లోనే పరీక్ష జరిగింది. మందులతోపాటు మూడు నెలలు యోగా చేసిన మైగ్రేన్ రోగులకు, ఒట్టి మందులు వాడినవాళ్ల కన్నా బాగా తగ్గిందని 2020లో వచ్చింది. స్వీడన్‌లో 91 మందితో చేసిన ఇంకో పరీక్షలో వారానికి మూడుసార్లు 40 నిమిషాల వ్యాయామం టోపిరమేట్‌కు దాదాపు సమానంగా నిలిచింది. ఊళ్లో నడకకు టికెట్ లేదు.

ఆక్యుప్రెషర్, సుజోక్ అనేవి ఆక్యుపంక్చర్ కాదు. వేళ్లతో నొక్కడం, అరచేతిలో గింజలు అంటించడం వేరే పద్ధతులు, పైన చెప్పిన అంకెలు వాటికి వర్తించవు. ఆయుర్వేదం వైపు మనసుంటే వరంగల్‌లోనే అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. ఎవరో ఊరూరా తిరిగి అమ్మే పేరులేని పొడి కన్నా అక్కడ చూపించుకోవడం నయం. బోటాక్స్ అనే మందు ఇంజెక్షన్లు నెలకు 15 రోజులు దాటిన మైగ్రేన్‌కు పనిచేస్తాయి, మూడు నెలలకోసారి తల, మెడ మీద 31 చోట్ల వేస్తారు, ఖర్చు బాగా ఎక్కువ, టెన్షన్ తలనొప్పికి పనికిరావు. అంత దూరం వచ్చినవాళ్లు హైదరాబాద్ నిమ్స్ దవాఖాన లాంటి చోట న్యూరాలజీలో చూపించుకుని నిర్ణయించుకోవాలి. ఇక అమృతాంజనం... కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1893లో మొదలుపెట్టింది, మా అత్తమ్మ ఇప్పటికీ దానితోనే సరిపెట్టుకుంటుంది. రాసుకోండి, హాని లేదు.

నన్నడిగితే

నిద్ర సరిగా పట్టని, పొద్దున మత్తు ఉన్నా నడిచిపోయే టెన్షన్ తలనొప్పి మనిషికి అమిట్రిప్టిలిన్ ముందు చూడమంటాను. మెడ పట్టేసి ఉంటే ఫిజియో, దానికి తోడుగా సూదులు. మైగ్రేన్‌కు ముందు డాక్టర్, ముందు గోలీ. గోలీ పడకపోయినా, ఆస్తమాతోనో గర్భం ఆలోచనతోనో గోలీకి దారి లేకపోయినా, అప్పటికే బీపీకి, షుగర్‌కు గుప్పెడు మందులు మింగుతూ ఇంకొకటి వద్దనిపించినా సూదులు మంచి దారి. రెండూ ఒకేసారి చేసినా తప్పు లేదు, కాకపోతే దేనివల్ల తగ్గిందో తెలియదు.

రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు, కాళ్లలో స్పర్శ తగ్గిన షుగర్ పేషెంట్లు ఆ సంగతి ముందే చెప్పాలి. పేస్‌మేకర్ ఉంటే సూదులకు కరెంటు పెట్టే పద్ధతి వద్దనాలి. ఖాళీ కడుపుతో పోవద్దు, కొందరికి కళ్లు తిరుగుతాయి. గుచ్చినచోట చిన్న రక్తపు చుక్కో, నీలి మచ్చో మామూలే. ఛాతీ, భుజం పైభాగంలో లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి తగిలే ప్రమాదం అరుదుగా ఉంది. అందుకే చేసే మనిషికి శరీర నిర్మాణం తెలిసి ఉండాలి. కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో ఆక్యుపంక్చర్‌ను ప్రత్యేక వైద్య పద్ధతిగా గుర్తించింది గానీ, కొన్ని వారాల సర్టిఫికెట్‌తో బోర్డు పెట్టేవాళ్లూ ఉన్నారు. ఐదున్నరేళ్ల బీఎన్‌వైఎస్ చదివిన ప్రకృతి వైద్యులకు ఇది చదువులో భాగమే. ఎంబీబీఎస్ పైన శిక్షణ పొందినవాళ్లూ ఉంటారు. ఏం చదివారని అడగడానికి మొహమాటపడొద్దు.

సూది ప్యాకెట్ మీ కళ్ల ముందు విప్పాలి, వాడాక డబ్బాలో పారేయాలి. "మీ సూదులు మీకే దాచిపెడతాం, మళ్లీ వాడతాం" అంటే లేచి వచ్చేయండి. హెపటైటిస్ బి అలా అంటుకోవచ్చు. నేను మొదట పోయినచోట సూదులు కొత్తవే, కానీ ఇరవై సిట్టింగ్‌ల డబ్బు ముందే కట్టమన్నారు, పైగా "ఇవాళ్టి నుంచి ఇంగ్లీష్ మందులన్నీ బంద్" అన్నారు. నా ఇన్‌హేలర్ కూడా అందులో ఉందా అని అడిగితే, ఉందన్నారు. చెప్పులేసుకుని వచ్చేశాను. రెండోచోట ఏ పూటకాపూట డబ్బు తీసుకునేవారు.

ఆరో సిట్టింగ్ అయ్యాక క్యాలెండర్ తీసి చుక్కలు లెక్కపెట్టండి. నా లెక్క ప్రకారం, మొదటి నెల కన్నా మూడో వంతు కూడా తగ్గకపోతే మిగతా నాలుగింటి కోసం పూటలు పోగొట్టుకోవద్దు. ఆ కాగితం మడిచి డాక్టర్ దగ్గరికి పట్టుకుపోండి. "ఎప్పటికి నొస్తనే ఉంటది సార్" అన్న మాట కన్నా ఆయనకు అదే ఎక్కువ పనికొస్తుంది.